రైట్ రైట్

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో ఇడ్లీ పళ్ళెం పెట్టుకోవడానికి చోటు లేదు. భోజనాల బల్ల మీద అమెరికా పరుచుకుని ఉంది. చికాగో ఒక చివర, పసిఫిక్ సముద్రం ఇంకో చివర. మధ్యలో మిజోరీ మీద సుధేష్ణ పచ్చడి గిన్నె పెట్టబోతే మహీధర్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అక్కడ కాదు సుధా, అక్కడ కాదు! ఆ మ్యాపు మళ్ళీ దొరకదు."

"మరెక్కడ పెట్టమంటారు? నా నెత్తి మీదా?"

మహీధర్ బల్లంతా కలయజూశాడు. "కాన్సాస్ మడిచెయ్. అక్కడ మనకి పదమూడు మైళ్ళే."

సుధేష్ణ కాన్సాస్ మడిచి, ఆ ఖాళీలో గిన్నె పెట్టి, తను మాత్రం పొయ్యి దగ్గర నిలబడి తిన్నది. శీతాకాలం నుంచీ ఇదే వరస. చికాగోలో మొదలై సముద్రం దాకా వెళ్ళే అరవై ఆరో నంబరు రోడ్డు ఒకటుందట. ఉందట కాదు, ఉండేదట. పక్కనే పెద్ద హైవేలు వచ్చాక ప్రభుత్వమే ఆ నంబరు తీసేసింది. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఒక చోట ఊరి వీధి, ఒక చోట పొలం గట్టు, ఒక చోట వంతెన దాకా వచ్చి ఆగిపోయిన కాంక్రీటు. ఆ ముక్కలన్నీ పట్టుకుని జూన్‌లో కారులో వెళ్ళి రావాలని మహీధర్ కోరిక. లేని రోడ్డుకి ఇన్ని పుస్తకాలేమిటో ఆమెకి అర్థం కాలేదు. ప్రతి మలుపూ చెప్పే స్పైరల్ బైండింగ్ పుస్తకం, రాష్ట్రానికొకటి చొప్పున మడత మ్యాపులు, ఆ రోడ్డు అభిమానుల సంఘం వేసే పత్రిక, ఒక సీడీ, ఇంకా ఇంటర్నెట్‌లోంచి తీసిన కాగితాల కట్టలు. ఏ రెండూ ఒక మాట మీద ఉండవు. పుస్తకంలో ధాన్యం గోదాము దగ్గర ఎడమకి తిరగమంటాడు. ఇంటర్నెట్‌లో ఇంకొకాయన ఆ గోదాము నిరుడే కూలిపోయిందంటాడు. మ్యాపులో అసలు ఆ రోడ్డే కనపడదు.

"నువ్వు కెమిస్ట్రీ చదివినదానివి, నీ చేతిలో ఒక పద్ధతుంటుంది," అని జనవరిలో ఈ కట్టంతా తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు మహీధర్. ఆమె పద్ధతిగానే చేసింది, అదే ఆమె తప్పు. ప్రతి ఊరికీ ఒక ప్లాస్టిక్ కవరు, కవరు అంచున రంగు చీటీ. పసుపు, గులాబీ, నీలం, ఆకుపచ్చ. మూడు చోట్లా చదివి, ఒకదానితో ఒకటి సరిచూసి, పెన్సిలుతో గీత గీసి, పెద్ద ఫైలు తయారు చేసింది. చేస్తూ చేస్తూ ఆ రోడ్డు మనుషులు కూడా ఆమెకి పరిచయమైపోయారు. కాంక్రీటు గుడారాల్లో గదులు అద్దెకిచ్చే హోటలు, చెరువులో నీలం తిమింగలం కట్టిన ముసలాయన, నియాన్ దీపాలు ఆర్పకుండా కూర్చునే లాడ్జి ఆవిడ. అన్నీ మహీధర్‌కంటే ఆమెకే బాగా తెలుసు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

ఆమెకి పట్టిందల్లా గురువారం.

గురువారం ఆమెకి ఈ పరాయి దేశపు డ్రైవింగ్ టెస్టు. ఏడాది కిందట పెట్టుకున్న అప్లికేషనుకి ఇప్పటికి పిలుపొచ్చింది. రింగాస్కిడీలో ఒక మందుల కంపెనీ లాబ్‌లో ఆమెకి ఉద్యోగం ఇచ్చారు, సోమవారం చేరాలి, జూన్‌లో సెలవుకి ముందే ఒప్పుకున్నారు. పొద్దున ఏడింటి షిఫ్టు. వాళ్ళుండే బాలింకాలిగ్ నుంచి ఆ వేళకి రింగాస్కిడీ చేర్చే బస్సు లేదు. ఇంటర్వ్యూ చేసినావిడ అడిగింది కూడా, "డ్రైవ్ చేస్తావు కదా?" అని. సుధేష్ణ "చేస్తాను" అనేసింది. అబద్ధం కాదు, గురువారం దాకా ఆగితే నిజమవుతుంది. తప్పితే మళ్ళీ ఏడాది. అన్నాళ్ళు ఆ ఉద్యోగం ఎవడు దాచిపెడతాడు?

"ఏమండీ, ఇవాళ కారు నాకివ్వండి. రివర్స్ ఇంకా కుదరడం లేదు. మూల తిప్పేటప్పుడు చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతోంది."

"ఇవాళా?" మహీధర్ ఫైలు చంకన పెట్టుకున్నాడు. "ఇవాళ నావిగేషన్ ప్రాక్టీసు అనుకున్నాం కదా. మక్రూమ్ వైపు పాత రోడ్డు ముక్కలు దొరికాయి నాకు. అచ్చం అరవై ఆరులాగే, కొత్త రోడ్డు పక్కనుంచే పోతాయి. నేను తోలతాను, నువ్వు మ్యాపు చూసి చెప్పు."

"నా టెస్టు గురువారమండీ."

"ఆ నాలుగు వీధులకి ఏం ప్రాక్టీసు సుధా! అమెరికాలో మూడో రోజే మూడు పాత రోడ్లు ఒకే ఊళ్ళో కలుస్తాయి, తెలుసా?"

తెలుసు. ఆ మూడింటికీ మూడు రంగుల చీటీలు పెట్టింది ఆమే. ఒళ్ళు మండిపోయినా ఏమీ అనకుండా వెళ్ళి కారెక్కింది. పాత మైక్రా అది. ముందూ వెనకా అద్దాల మీద ఎర్ర ఎల్ అక్షరాలు అలాగే ఉన్నాయి. తోలేది మహీధరే అయినా వాటిని తియ్యడానికి కూడా ఆయనకి బద్ధకం.

ఓవెన్స్ అనే ఊరు దాటాక కొత్త రోడ్డు వదిలి పాత దారిలోకి దిగారు. రెండు పక్కలా పసుపు పూల ముళ్ళ పొదలు, పైన ఎప్పుడు కురుద్దామా అన్నట్టున్న మబ్బు. సుధేష్ణ ఒళ్ళో పాత మ్యాపు. మహీధర్ పరీక్ష పెట్టేవాడిలా అడుగుతున్నాడు, ఆమె చెబుతోంది. మూతపడ్డ పాల కేంద్రం. చర్చి. గుర్రపు నాడా ఆకారంలో గేటున్న ఇల్లు. అన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆయన మొహం వెలిగిపోతోంది.

ఎడమవైపు సందు చీలేచోట ఒక ట్రాక్టరు అడ్డంగా తిరుగుతోంది. మహీధర్ కారు ఆపాడు. ట్రాక్టరు వెళ్ళిపోయింది. వాళ్ళ వైపు దారి ఖాళీ.

"ఇప్పుడు?"

సుధేష్ణ మ్యాపులోంచి తలెత్తి చూసింది. "ఆఁ, రైట్ రైట్."

మహీధర్ స్టీరింగు గిర్రున కుడికి తిప్పేశాడు. ఎదురుగా పాల ట్యాంకరు వస్తోంది. దాని హారను మోతకి సుధేష్ణ మ్యాపు వదిలేసి డాష్‌బోర్డు పట్టుకుంది. మైక్రా దాని ముందునుంచి జారి, ఎవరిదో పొలం గేటులోంచి లోపలికి దూసుకెళ్ళి, పేడ గుట్టకి మూరెడు దూరంలో ఆగింది. ట్యాంకరు ఆగకుండా వెళ్ళిపోయింది. ఒక కుక్క వచ్చి చక్రాలను చూసి మొరగడం మొదలుపెట్టింది.

మహీధర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఆయన అంతలా బెదిరిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చేత్తో వీపు నిమరబోయింది. అంతలో ఆయనకి నోరొచ్చింది.

"రైట్ అన్నావేంటి? అటు దారెక్కడుంది? చంపేద్దామనుకున్నావా ఇద్దర్నీ!"

"రైట్ రైట్ అంటే పదమనండీ! దారి ఖాళీగా ఉంది, పదమని!"

"ఎక్కడ? ఏ దేశంలో?"

"ఒంగోలు బస్టాండులో! మా నాన్న కండక్టరు. రైట్ రైట్ అంటే బస్సు కదులుతుంది. మీరు జన్మలో బస్సెక్కలేదా? అది విని కుడివైపు పంటకాలవలోకి తిప్పిన డ్రైవర్ని ఎక్కడైనా చూశారా?"

గమ్‌బూట్లేసుకున్న ముసలావిడ ఒకామె బకెట్టు పట్టుకుని వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. దారి తప్పారా నాయనా అని అడిగింది. "నో నో, వి ఆర్ గ్రాండ్," అన్నాడు మహీధర్, ఇక్కడివాళ్ళ మాటలో అంతా బాగానే ఉందని, పేడ గుట్ట పక్కన కూర్చుని. ఆవిడ ఎల్ అక్షరం వంక చూసి, సుధేష్ణ వంక జాలిగా చూసి, గేటు పూర్తిగా తెరిచి పట్టుకుంది.

ఇంటికొచ్చేదాకా ఒకటే సాధింపు. ఎడమా కుడీ తెలియని మనిషి ఎక్కడైనా బండి తోలుతుందా? గురువారం టెస్టుకెళ్ళి ఎవరి మీదికెక్కిస్తావు? వాయిదా వేయించుకో. ఇంకో ఏడాది ఆగితే కొంపలేం మునగవు. చివరికి బాలింకాలిగ్ మెయిన్ స్ట్రీట్‌లో ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు తీర్పు చెప్పేశాడు.

"అమెరికాలో ముందు సీట్లో మా ఆఫీసు ప్రసాద్‌గారిని కూర్చోబెడతాను. నువ్వు వెనక సీట్లో హాయిగా పడుకో."

సుధేష్ణ బయటికి చూస్తూ కూర్చుంది. బైపాస్ పడ్డాక ఈ వీధి కూడా పాత రోడ్డే అయిపోయింది. దీన్నెవరూ వెతుక్కుంటూ రారు.

హనుమత్ప్రసాద్ మహీధర్ ఆఫీసులో పనిచేస్తాడు. భార్యా పిల్లలు వేసవికి ఇండియా వెళ్ళారు, అమెరికా అంటే ఎగిరి గంతేశాడు. సోమవారం సాయంత్రం ఆఫీసునుంచి మహీధర్‌తోనే వచ్చి, సోఫాలో కూర్చుని ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. వంటింట్లో టీ వడగడుతున్న సుధేష్ణకి ప్రతి మాటా వినిపిస్తోంది.

"అబ్బబ్బ! ఏం పనయ్యా ఇది మహీ! మూడు రకాల దారులూ పక్కపక్కన పెట్టి... ఏ మలుపు దగ్గర ఏముందో, అది ఉందో పోయిందో... నీ ఓపికకి దణ్ణం పెట్టాలి."

సుధేష్ణ చేతిలో జల్లెడ ఆగింది. ఇప్పుడు చెప్తాడు అనుకుంది. చెప్పకేం చేస్తాడు?

"ఏదో లెండి, ఆదివారాలు కూర్చుని," అన్నాడు మహీధర్.

టీ కప్పులు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. కాస్త గట్టిగానే పెట్టింది, సాసర్లో ఒలికింది. ప్రసాద్‌కి మర్యాద ఎక్కువ. "చెల్లెమ్మా, మీరేం బెంగ పెట్టుకోకండి, దారి నేను చూసుకుంటాను, మీరు సీనరీ చూడండి," అన్నాడు. ఆమె నవ్వలేదు. మహీధర్ టీ వంకే చూస్తూ ఊదుకున్నాడు. వెళ్ళేటప్పుడు ప్రసాద్ ఫైలు చంకలో పెట్టుకుని, చదువుకుంటానని పట్టుకుపోయాడు. ఐదు నెలల పని అలా గుమ్మం దాటి పోతుంటే సుధేష్ణ తలుపు దాకా వెళ్ళి, గొళ్ళెం వేసి వచ్చింది.

"ఆ ఫైలు నేను చేశానని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

"అబ్బా, ఎవరు చేస్తే ఏంటి సుధా, ఇంట్లోదే కదా."

"ఇంట్లోదే కదా అని కారు కూడా ఇవ్వచ్చుగా మరి?"

"కారు నీకిస్తే నేను ఆఫీసుకెలా వెళ్ళను రోజూ?"

అదీ సంగతి! సుధేష్ణ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఇన్నాళ్ళకి మాట బయటికొచ్చింది. "ఎనిమిదో నంబరు బస్సు మన సందు చివరే ఆగుతుందండీ. ఎక్కితే కాస్త 'రైట్ రైట్' అంటే ఏంటో కూడా తెలుస్తుంది."

"ఇక్కడ బస్సుల్లో కండక్టర్లు లేరు," అన్నాడు మహీధర్. అది మాత్రం నిజం. ఆ నిజానికి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

మంగళవారం ఐలీన్ తన కారులో వచ్చింది. డ్రైవింగ్ నేర్పే మనిషి, యాభై దాటి ఉంటుంది. సుధేష్ణ పేరు నోరు తిరక్క "సూ" అని పిలుస్తుంది. ప్రతి మాటకీ ముందు "రైట్ సో" అంటుంది. సీటు బెల్టు పెట్టుకున్నావా, రైట్ సో. అద్దం చూశావా, రైట్ సో. లైటు పచ్చబడింది, రైట్ సో. సరే ఇక పద, అని అర్థం. మొట్టమొదటి క్లాసులో రౌండెబౌట్ అనే గుండ్రటి కూడలి ముందు ఆవిడ అలా అన్నప్పుడు సుధేష్ణ తిన్నగా వెళ్ళిపోయింది. ఐలీన్ ఆశ్చర్యపోయింది. బయటి దేశాలనుంచి వచ్చినవాళ్ళకి ఆ మాటతోనే ఎంత చావొస్తుందో చెప్పింది. "రైట్ సో" అనగానే స్టీరింగు కుడికి తిప్పేస్తారట, టెస్టులో కూడానట. నీకెలా తెలిసింది అని అడిగితే, మా నాన్న బస్సు కండక్టరు అంది సుధేష్ణ. ఆ రెంటికీ సంబంధమేమిటో ఐలీన్‌కి బోధపడలేదు. అయినా "గ్రాండ్" అంది.

ఇవాళ గంటంతా మూల తిప్పుతూ రివర్స్. మొదటిసారి చక్రం ఫుట్‌పాత్ ఎక్కింది. రెండోసారి అంచు రాసుకుంది. మూడోసారి ఐలీన్ ఆపమంది.

"నువ్వు అద్దంలో ఏం చూస్తున్నావు?"

"అంచుని."

"అంచు కదులుతున్నట్టుంటుంది, దాన్ని నమ్మితే చెడిపోతావు. మూల మీద ఏముందో అది చూడు. అది ఎటూ పోదు."

సుధేష్ణ వెనక్కి తిరిగి చూసింది. మూల మీద ఆకుపచ్చ తపాలా డబ్బా. స్పైరల్ పుస్తకం రాసినాయన పద్ధతీ ఇదే. మైళ్ళు చెప్పడు, మలుపు దగ్గర ఏం నిలబడి ఉందో చెప్తాడు. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఏడవచ్చుగా అనుకుంది. తపాలా డబ్బా వెనక కిటికీ అంచుకి వచ్చేదాకా ఆగి, అప్పుడు స్టీరింగు తిప్పింది. కారు గోడకి సమానంగా, మెల్లగా, ఎవరో దారం పట్టి లాగినట్టు మూల తిరిగింది. ఇంకోసారి చేసింది. ఇంకోసారి కూడా కుదిరింది.

"ఇంట్లో కారుంది కదా, రేపు సాయంత్రం ఇదే పదిసార్లు చెయ్యి," అంది ఐలీన్, ఆమెని ఇంటి ముందు దింపుతూ. సుధేష్ణ నిట్టూర్చింది. కారుంది. కారుకో మొగుడు కూడా ఉన్నాడు.

బుధవారం మహీధర్ ఆఫీసునుంచి వచ్చి బూట్లు విప్పుతుండగానే ఫోను మోగింది. ప్రసాద్. సుధేష్ణ సోఫాలో ఉతికిన బట్టలు మడుస్తోంది.

"చెప్పండి ప్రసాద్‌గారూ... పసుపా? పసుపంటే... అది... ఒక్క నిమిషం." మహీధర్ ఫోను మీద చెయ్యి మూశాడు. "సుధా, పసుపు చీటీ అంటే ఏంటి?"

సుధేష్ణ చొక్కా మడత పెట్టింది. కాలరు సరిచేసింది. "మీరు చేసిన ఫైలే కదా? చెప్పండి."

"సుధా!"

"గులాబీ అంటే ఏంటో కూడా అడుగుతారు ఇప్పుడు. నీలం మీద ఆకుపచ్చ అంటించినచోట ఇంకా తికమక. అక్కడ తప్పు దారి పట్టుకుంటే పాపం వంతెన లేని ఏటి దగ్గర తేలతారు మీరిద్దరూ."

ఫోనులోంచి "హలో, హలో" అని వినబడుతోంది. మహీధర్ ఫోను వంకా ఆమె వంకా చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. "ప్రసాద్‌గారూ, మళ్ళీ చేస్తాను," అని పెట్టేశాడు.

"ఏం కావాలి నీకు?"

"కారు తాళాలు. చీకటి పడేదాకా. మీరు పక్క సీట్లో కూర్చోవాలి, నోరెత్తకూడదు. రేపు సగం రోజు సెలవు పెట్టి టెస్టుకి తీసుకెళ్ళాలి. అది అయ్యాక చెప్తాను పసుపేంటో."

"ఇది బ్లాక్‌మెయిల్."

"అవునండీ," అంది సుధేష్ణ, మడిచిన బట్టలు ఆయన చేతుల్లో పెడుతూ. "లోపల పెట్టి రండి."

మే నెల, వెలుతురు ఎంతకీ పోదు. కాలనీ వీధుల్లో ఆమె తోలింది, ఆయన పక్కన కూర్చున్నాడు. నోరెత్తకూడదన్నది ఆయన చేతయ్యే పని కాదు. ఒక చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద, ఇంకో చెయ్యి తలుపు పిడి మీద. అయితే ఒక వింత కనిపెట్టింది సుధేష్ణ. మలుపు వచ్చినప్పుడల్లా, "తినే చేతి వైపు తిప్పు" అంటున్నాడు, "వాచీ చేతి వైపు తిప్పు" అంటున్నాడు. అంతసేపట్లో ఒక్కసారైనా రైటన్న మాట ఆయన నోట రాలేదు.

"నేనేం పలకా బలపం పట్టుకున్న పిల్లనా? లెఫ్టు, రైటు అని ఏడవచ్చుగా!"

"అలా వద్దు," అన్నాడు మహీధర్. ఎందుకో ఆ గొంతులో ఎకసెక్కెం లేదు. ఆమె అప్పుడది పట్టించుకోలేదు, తపాలా డబ్బా లేని మూల మీద దేన్ని చూసుకోవాలా అని వెతుక్కుంటోంది. చివరికి ఎవరో ఇంటి గోడ మీద పెట్టిన సిమెంటు గుడ్లగూబ దొరికింది. దాన్ని చూసుకుని తిప్పింది. మహీధర్ చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గురువారం పొద్దున టెస్టు సెంటరులో ఒక పొడుగాటి మనిషి, అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చాడు. ఆమె ఇంటిపేరు చదవబోయి, మధ్యలో ఆగి, దగ్గి, కుర్చీ చూపించాడు. రోడ్డు గుర్తులడిగాడు. చెప్పింది. బయటికొచ్చి కారెక్కారు. బెంచీ మీద కూర్చున్న మహీధర్ లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఆయన కాఫీ కూడా తాగలేదు.

"నేను తిప్పమంటేనే తిప్పాలి. ఏమీ చెప్పకపోతే తిన్నగా వెళ్ళడమే," అన్నాడు ఎగ్జామినర్. ఆ తర్వాత కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. సుధేష్ణ అరచేతులు తడిగా ఉన్నాయి. చీర కట్టుకోలేదు కాబట్టి కొంగు లేదు, ప్యాంటుకే తుడుచుకుంది. గేరు ఒకసారి కీచుమంది. ఎత్తు మీద ఆపి మళ్ళీ లాగినప్పుడు వెనక్కి జారలేదు. రివర్స్ మూల మీద కరెంటు స్తంభం ఉంది. దాన్ని నమ్ముకుంది.

నాలుగు రోడ్ల దగ్గర ఎర్ర లైటు పడింది. కుడివైపు ఒక సన్న వీధి, ఎదురుగా పెద్ద రోడ్డు. ఎదుటివైపు నుంచి వచ్చే కార్ల వరస కదలడానికి సిద్ధంగా ఉంది. లైటు పచ్చబడింది. ఎగ్జామినర్ కాగితం మీద ఏదో రాసుకుని, పెన్ను జేబులో పెట్టుకుని, ఆమె వైపు తిరక్కుండానే అన్నాడు.

"రైట్ సో."

ఆదివారం ట్యాంకరు హారను చెవిలో మోగింది. మహీధర్ గొంతు కూడా వినిపించింది, ఎడమా కుడీ తెలియని మనిషి అని. ఆ వెనకే నాన్న అరుపు. టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని, ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి అరిచే అరుపు. సుధేష్ణ అద్దం చూసుకుని, గేరు వేసి, తిన్నగా పోనిచ్చింది.

ఎగ్జామినర్ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

సెంటరుకి తిరిగొచ్చాక ఆయన లోపలికి తీసుకెళ్ళి, అద్దాలు కాస్త ఎక్కువసార్లు చూసుకోవాలని చెప్పి, సంతకం చేసిన కాగితం చేతిలో పెట్టాడు. పాసయ్యావు అన్నాడు. సుధేష్ణ రెండుసార్లు థాంక్యూ చెప్పింది. మెట్లు దిగుతూ ఆ కాగితం ఇంకోసారి చదువుకుంది.

మహీధర్ ఎదురొచ్చాడు. పాసయ్యావా అని అడగలేదు. ఆమె నోరు తెరవకముందే, ఆత్రంగా, గొంతు తగ్గించి అడిగాడు.

"రైట్ సో అన్నాడా?"

సుధేష్ణ ఆగిపోయింది. ఐలీన్ సంగతులేవీ ఆమె ఇంట్లో చెప్పలేదు. ఆయన ఎప్పుడూ అడగలేదు. "అన్నాడు. అది మీకెలా తెలుసు?"

మహీధర్ పార్కింగులో కార్ల వంక చూశాడు. బూటు కొనతో గులకరాయి ఒకటి తోశాడు.

"మీరు మొదటిసారి ఇక్కడ టెస్టు తప్పినప్పుడు..." ఆమె ఒక్కొక్క మాటే కూడబలుక్కుంది. "ఆ ఎగ్జామినర్‌కి మనవాళ్ళంటే పడదన్నారు."

"అన్నాను."

"ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పారు."

"చెప్పాను. హైదరాబాదులో అన్నేళ్ళు కారు తోలినవాణ్ణి, కుడికి తిప్పమంటున్నాడనుకుని బస్సు ముందుకి తిప్పేశానని ఎలా చెప్పను సుధా? ఆయనే బ్రేకు లాగాడు." ఇంకో రాయి తోశాడు. "ఆదివారం నువ్వు రైట్ రైట్ అనగానే చెయ్యి దానంతటదే తిరిగిపోయింది. అప్పుడూ అంతే."

సుధేష్ణకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అన్నిటికంటే ముందు కోపమొచ్చింది. "మూడేళ్ళండీ! మూడేళ్ళనుంచి ఎవరో తెలియని ఆ మనిషిని నేను తిడుతున్నాను! పండగ భోజనాల్లో కూడా తిట్టాను! ఆయన మిమ్మల్ని కాపాడాడా? పైగా ఆదివారం అంతా నన్ను పట్టుకుని ఎడమా కుడీ తెలియనిదానివని..."

"తప్పే."

ఆ ఒక్క మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"పాసయ్యాను, అడగలేదు మీరు."

"నీ మొహం చూస్తే తెలుస్తోంది."

"అయితే ఆ ఎల్ అక్షరాలు పీకండి. రింగాస్కిడీ వెళ్తున్నాం. సోమవారం వెళ్ళాల్సిన దారి ఇవాళ ఒకసారి చూసుకోవాలి."

మహీధర్ గోళ్ళతో గీకి గీకి స్టిక్కర్లు పీకాడు. జిగురు మాత్రం అద్దానికే అంటుకుని ఉండిపోయింది. అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దగ్గరికెళ్ళి పిడి పట్టుకున్నాడు. ఒక క్షణం అలాగే నిలబడి, వదిలేసి, కారు చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చి కూర్చున్నాడు.

"ప్రసాద్‌గారికి ఫోను చేసి ఫైలు తెచ్చివ్వమనండి," అంది సుధేష్ణ సీటు ముందుకి జరుపుకుంటూ. "అది ఎవరు చేశారో కూడా చెప్పండి. వెనక సీట్లో ఆయన్ని హాయిగా పడుకోమనండి. ముందు సీట్లో నేను, మీరు. ఒక పూట నేను తోలతాను, ఒక పూట మీరు."

"అక్కడ కుడిపక్కన తోలాలి సుధా. అలవాటు లేదు నీకు."

"మీకుందా?"

మహీధర్ సీటు బెల్టు లాగి పెట్టుకున్నాడు. "పసుపంటే ఏంటో ఇప్పుడైనా చెప్తావా?" అని అడిగాడు.

"దారి పోయింది కానీ దాని పక్కనున్నది ఇంకా నిలబడి ఉంది అని. అలాంటి చోట ఆగి చూడాలి."

కారు గేటు దాకా వచ్చింది. పెద్ద రోడ్డు మీదికి ఎక్కాలి. ఎడమవైపు ఖాళీగా ఉంది. మహీధర్ అటు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. డాష్‌బోర్డు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, సిగ్గుపడుతూనే, కండక్టరులా గొంతు పెట్టి అరిచాడు.

"రైట్ రైట్!"

కుడివైపు మలుపులోంచి పాల ట్యాంకరు వస్తోంది. సుధేష్ణ బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.

"కండక్టరు ఎన్నిసార్లు అరిచినా, డ్రైవరు తను చూసుకునే కదులుతాడండీ," అంది. ట్యాంకరు వెళ్ళేదాకా ఆగి, ఇంకోసారి రెండు వైపులా చూసుకుని, కారు పోనిచ్చింది.